తిరుపతికి గేమ్ కన్సోల్ ఎట్ల వచ్చింది? టీవీ గేమ్ కుస్తీ నుంచి హైదరాబాద్ హనుమంతుడి దాకా

ఈ ఎపిసోడ్‌లో మూడు పాత గేమ్‌లకు రివ్యూ. ఒకటి, టీవీ గేమ్ డబ్బాలో ఆడిన కుస్తీ. రెండు, పీఎస్2లో వచ్చిన స్మాక్‌డౌన్ హియర్ కమ్స్ ది పెయిన్. మూడోది హనుమాన్ బాయ్ వారియర్. ఈ మూడోదాని పేరు మీలో చాలామంది విని ఉండరు. 2009లో హైదరాబాద్‌లో తయారై, సోనీ ముద్రతో, పీఎస్2 డిస్క్‌గా బయటికొచ్చిన అడ్వెంచర్ గేమ్ అది. పూర్తిగా మన దేశంలోనే తయారైన మొదటి పీఎస్2 గేమ్ అని దానికి పేరు.

మామూలుగా అయితే గ్రాఫిక్స్‌కి ఇన్ని, కంట్రోల్స్‌కి ఇన్ని అని మార్కులేసి ముగించేస్తా. ఈసారి అట్ల కుదరదు. ఈ గేమ్‌లు మన ఊళ్లకు ఏ దారిలో వచ్చాయో చెప్పకుండా మార్కులేస్తే అన్యాయం. జపాన్‌లో ఒక పిల్లోడు 1985లో బొమ్మలున్న అట్టపెట్టె తెరిచి, చిన్న పుస్తకం చదివి, ఇది ఫలానా కంపెనీ గేమ్ అని తెలిసి ఆడాడు. అదే గేమ్‌ని మేం ఇరవై ఏళ్ల తర్వాత తిరుపతిలో ఆడాం. పెట్టె లేదు, పుస్తకం లేదు, ఎవరు చేశారో పేరు కూడా లేదు. మన దగ్గర కన్సోల్ చరిత్ర అంటే కాపీల చరిత్రే సామీ. గేమ్ అనేది ఎవరో కూర్చుని చేస్తే వస్తుంది అనే సంగతే మనకు కనపడలేదు. అలాంటి చోటికి ఒకరోజు మన తెలుగు నేల మీద చేసిన గేమ్ వచ్చింది. అప్పుడేమైంది అనేదే ఈరోజు అసలు విషయం.

ముందు డబ్బా సంగతి. ఫోన్‌లో ఫ్రీ ఫైర్, బీజీఎంఐ ఆడే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది కొంచెం వింతగానే ఉంటుంది.

నింటెండో వాళ్లు 1983 జులై 15న జపాన్‌లో ఫామికామ్ అనే మెషీన్ విడుదల చేశారు. అమెరికాకు అది 1985లో ఎన్‌ఈఎస్ అనే పేరుతో, వేరే ఆకారంలో వెళ్లింది. లోపల ఉన్నది 6502 జాతి ప్రాసెసర్. పని చేసుకోవడానికి మెమరీ 2 కేబీ. మీ చేతిలో 6 జీబీ ర్యామ్ ఫోన్ ఉంటే అది దీనికి దాదాపు ముప్పై లక్షల రెట్లు. ఆ 2 కేబీలోనే మారియో పరిగెత్తాడు, ట్యాంకులు పేలాయి, బాతులు రాలాయి.

మరి ఈ మెషీన్ మన దేశానికి సక్రమంగా వచ్చిందా అంటే, మామూలు ఇళ్ల దాకా రాలేదు. దారి ఎంత కష్టమో సెగా కథ చూస్తే తెలుస్తుంది. 1995లో సెగా తన మెగా డ్రైవ్‌ని ఇక్కడ అమ్మడానికి షా వాలెస్‌తో ఒప్పందం చేసుకుంది. అవును, విస్కీ వ్యాపారంలో పేరున్న ఆ షా వాలెస్సే. దిగుమతి సుంకం 80 శాతం ఉండేది, దాన్ని తప్పించుకోవడానికే ఈ ఏర్పాటు. అంత చేసినా ఒక్కో మెషీన్ ధర 18,000 రూపాయలు. అప్పట్లో పది గ్రాముల బంగారం ఐదు వేల లోపే. అంటే ఒక సెగా కొనే దుడ్లతో 36 గ్రాములకు పైనే బంగారం వచ్చేది. చిత్తూరు జిల్లాలో ఏ ఇంట్లో అయినా అవ్వను అడిగి చూడండి, ఏది కొంటావు అని.

ఆ ఖాళీలోకి వచ్చిందే మన టీవీ గేమ్. మీడియా, సమురాయ్ లాంటి పేర్లతో 8 బిట్ డబ్బాలు ఇండియాలో తిరిగాయి. ఇంకా ఏ పేరూ లేనివి కుప్పలు. అన్నీ లోపల ఫామికామే. దాన్నే ఎందుకు అంత సులభంగా కాపీ కొట్టగలిగారు? అమెరికాకు పంపిన ఎన్‌ఈఎస్‌లో నింటెండో ఒక తాళం చిప్ పెట్టింది. అసలు కార్ట్రిడ్జ్ కాకపోతే మెషీన్ ఆడదు. జపాన్ ఫామికామ్‌లో ఆ తాళం లేదు. అందుకే కాపీ చేసేవాళ్లు ఫామికామ్ వెంట పడ్డారు. మొదట్లో విడివిడి చిప్‌లతో చేశారు. 1990ల చివరికి వచ్చేసరికి మొత్తం మెషీన్ ఒకే చిప్‌లోకి ఇమిడిపోయింది. ఇదిగో, నేను విప్పిన డబ్బా స్క్రీన్ మీద చూస్తున్నారు కదా. పసిబిడ్డ బుగ్గకు దిష్టిచుక్క పెట్టినట్టు బోర్డు మధ్యలో నల్లగా ఒక బొట్టు ఉంది. ఆ బొట్టు కిందే ఫామికామ్ అంతా ఉంది. మిగతా డబ్బా అంతా గాలే. బరువుగా ఉండాలని కొందరు లోపల ఇనుప ముక్క అంటించేవాళ్లు, అది వేరే కళ.

ఇది మన ఒక్కళ్ల కథ కూడా కాదు. రష్యాలో స్టీప్లర్ అనే కంపెనీ 1992లో ఇదే కాపీని డెండీ అనే పేరుతో దేశమంతా అమ్మింది. అక్కడ ఒక తరానికి డెండీయే వీడియో గేమ్, నింటెండో అంటే ఎవరో తెలియదు. మనకు టీవీ గేమ్ ఎట్లనో అట్లన్నమాట.

తిరుపతికి దారి మద్రాసు మీదుగానే. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రిచీ స్ట్రీట్, బర్మా బజార్ అందుబాటులో ఉండేవి. ఎలక్ట్రానిక్ సామాను కావాలంటే మన అంగళ్లవాళ్లు పోయేది అక్కడికే. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు ఇంకా దగ్గర. నాకు ఆరేడేళ్లప్పుడు గాంధీ రోడ్డు వైపు బొమ్మల అంగట్లో మా నాయన కొన్న డబ్బా ఐదారు వందలు. 18,000 రూపాయల మెషీన్ ఎక్కడ, ఇదెక్కడ. ఆ తేడా లేకపోతే నేను ఈరోజు ఈ కెమెరా ముందు కూర్చునేవాణ్ణే కాదు.

మా టీవీకి వెనక ఒకటే యాంటెనా సాకెట్. కేబుల్ వైరు పీకితేనే గేమ్ వైరు పెట్టే వీలు. రాత్రి జెమినిలో చక్రవాకం మొదలయ్యే లోపల వైరు మళ్లీ దాని చోట్లో లేకపోతే అవ్వ ఊరుకునేది కాదు. పైగా ఆ డబ్బాలో సేవ్ అనేదే ఉండదు. మారియోలో ఏడో లోకం దాకా పోయుంటావ్, ఎండాకాలం మధ్యాహ్నం, కరెంటు పోతుంది. అంతే. మళ్లీ మొదటి ఇటుక దగ్గర్నుంచి.

కార్ట్రిడ్జ్ మీద 9999 గేమ్‌లు అని అచ్చేసి ఉంటుంది. దీని లెక్క చెప్తా, సరదాగా ఉంటుంది. సూపర్ మారియో మొత్తం 40 కేబీ. ఇప్పుడు మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫొటో దానికంటే పెద్దది. 1983 నుంచి 1986 దాకా వచ్చిన తొలి గేమ్‌లు చాలావరకు ఈ సైజులోనో ఇంకా చిన్నగానో ఉన్నాయి. వాటిని ఒక పెద్ద చిప్‌లో వరసగా పేర్చి, ముందర ఒక మెనూ ప్రోగ్రామ్ పెడతారు. నువ్వు నంబర్ ఎంచుకుంటే ఆ మెనూ ఫలానా గదిలోకి వెళ్లు అని మెషీన్‌కి చెప్తుంది. నిజంగా లోపల ఉండేవి ఇరవై, ముప్పై. తర్వాతవన్నీ అవే, రెండో లెవెల్ నుంచి మొదలయ్యేవి, రంగు మార్చినవి, పేరు మార్చినవి. కోడ్‌గా చూస్తే చాలా తెలివైన పని. నేను ఉద్యోగంలో చూసిన కొన్ని ప్రాజెక్టుల కంటే శుభ్రంగా ఉంది.

కానీ ఆ తెలివిలో ఒక పని మాత్రం నాకు నచ్చదు. చాలా కార్ట్రిడ్జ్‌లలో టైటిల్ స్క్రీన్ కింద ఉండే కంపెనీ పేరు, సంవత్సరం చెరిపేశారు. నింటెండో 1985, నామ్కో 1985 అని ఉండాల్సిన చోట నల్లగా ఖాళీ. ఒక పుస్తకం నుంచి రచయిత పేరు పేజీ చించి అమ్మినట్టు.

ఇంకొక సంగతి. మన టీవీలు పాల్ పద్ధతి, సెకనుకు 50 సార్లు బొమ్మ మారుతుంది. జపాన్‌లో 60. గేమ్ లోపలి లెక్కంతా ఆ బొమ్మల లెక్క మీదే నడుస్తుంది. కాబట్టి మన డబ్బాలో మారియో జపాన్ మారియో కంటే ఆరో వంతు నిదానంగా పరిగెత్తాడు, పాట కూడా నిదానమే. తర్వాత ఎప్పుడో యూట్యూబ్‌లో అసలు మ్యూజిక్ వింటే, వీడెవడో తరుముతున్నట్టు వాయిస్తున్నాడే అనిపిస్తుంది. మనకు తెలిసిందే అసలు ట్యూన్ అనిపిస్తుంది.

సరే, ఇప్పుడు కుస్తీ.

మా కార్ట్రిడ్జ్‌లో ఇద్దరిద్దరుగా కొట్టుకునే ఒక కుస్తీ గేమ్ ఉండేది. మెనూలో ట్యాగ్ టీమ్ అని ఏదో ఉండేది, అంతే. దాని అసలు పేరు కిన్నికుమన్ మజిల్ ట్యాగ్ మ్యాచ్. బందాయ్ 1985లో తెచ్చింది. కిన్నికుమన్ అనేది జపాన్‌లో ఒక కుస్తీ మాంగా, అక్కడ పిల్లలకు ప్రాణం. ఎనిమిది మంది మల్లయోధులు, మన ప్యాడ్‌లో రెండే రెండు బటన్లు. కొట్టడం, దూకడం, వెనక నుంచి పట్టుకుని ఎత్తేయడం. అప్పుడప్పుడు రింగులోకి మెరుస్తూ ఒక బంతి వచ్చి పడుతుంది. అది ఎవడికి దొరికితే వాడికి గంగమ్మ జాతరలో పూనకం వచ్చినట్టే. వేగం పెరుగుతుంది, వాడి సొంత పట్టు పనిచేస్తుంది. ఆ బంతి కోసం ఇద్దరం బొటనవేళ్లు వాచేదాకా నొక్కేవాళ్లం.

ఈ ఎనిమిది మందిలో ఒకడు అషురామన్. మాంగాలో వాడికి మూడు ముఖాలు, ఆరు చేతులు. అషుర అంటే మన అసురుడే. ఆ మాట ఇక్కడి నుంచి బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ వెళ్లింది. అక్కడ కుస్తీ వీరుడై, టీవీ గేమ్ డబ్బాలో కూర్చుని, పేరు చెరిపించుకుని, మళ్లీ మన ఇంటికే వచ్చాడు. వాడు మనోడేనని చెప్పడానికి స్క్రీన్ మీద ఒక్క అక్షరం లేదు. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

ఇప్పుడు ఆడితే ఎట్ల ఉంది? ఒక్కడే ఆడితే ఐదు నిమిషాల్లో విసుగొస్తుంది. ఇద్దరు ఆడితే మాత్రం ఇప్పటికీ అరుపులే. పదికి ఐదు.

కుస్తీ ఇష్టమున్నవాళ్లు దీనికంటే వెతికి ఆడాల్సింది నింటెండో వాళ్ల ప్రో రెజ్లింగ్. 1986లో జపాన్‌లో, 1987లో అమెరికాలో వచ్చింది. గెలిస్తే స్క్రీన్ మీద ఎ విన్నర్ ఈజ్ యూ అని పడుతుంది. ఇంగ్లీషు తప్పే. ఆ తప్పే ప్రపంచమంతా ప్రసిద్ధి. దాన్ని చేసినాయన మసాతో మసుదా. తర్వాత ఈయనే ఫైర్ ప్రో రెజ్లింగ్ అనే సిరీస్ మొదలుపెట్టాడు, కుస్తీ గేమ్‌లంటే పడి చచ్చేవాళ్లు ఇప్పటికీ ఆ పేరు చెప్పుకుంటారు. చూశారా, పేరు తెలిస్తే ఒక గేమ్ నుంచి ఇంకో గేమ్‌కి దారి దొరుకుతుంది. పేరు చెరిపేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

ఇక డబ్ల్యూడబ్ల్యూఎఫ్. 2002లోనే ఆ కంపెనీ పేరు డబ్ల్యూడబ్ల్యూఈ అయింది. పాండా బొమ్మ ఉంటుందే, ఆ వన్యప్రాణి సంస్థతో కోర్టు కేసు వల్ల. మా బడిలో ఎవరికీ ఆ తీర్పు చేరలేదు, అందరం ఎఫ్ అనే అనేవాళ్లం. టెన్ స్పోర్ట్స్‌లో చూడటం, మధ్యాహ్నం గంట కొట్టగానే ట్రంప్ కార్డులు తీయడం. ఎత్తు, బరువు, ఛాతీ, కండ. ఇంగ్లీషు అంకెలు నాకు ఎక్కాల పుస్తకం కంటే ఆ కార్డులే బాగా నేర్పాయి.

అప్పటికి ఊళ్లో పీఎస్2 పార్లర్లు వచ్చాయి. ఇరుకు గది, రెండు మూడు టీవీలు, ప్లాస్టిక్ స్టూళ్లు, గంటకు ఇరవై రూపాయలు. ఇంట్లో పీఎస్2 ఉన్నవాడు మా వీధి మొత్తానికి ఎవడూ లేడు. కానీ చాలామంది దగ్గర మెమరీ కార్డు ఉండేది. 8 ఎంబీ కార్డు జేబులో పెట్టుకుని పార్లర్‌కి పోయి, గుచ్చి, నిన్న ఆపిన చోట నుంచి ఆడటం. మెషీన్ ఊరిది, సేవ్ మాత్రం నాది.

అక్కడి డిస్క్‌లన్నీ కాపీలే. పీఎస్2 అసలు డిస్క్‌లో లోపలి అంచున ఒక గుర్తు ఉంటుంది, మామూలు రైటర్‌తో అది రాయలేరు. మెషీన్ ముందు ఆ గుర్తు చూస్తుంది. మాడ్‌చిప్ అనే చిన్న చిప్‌ని లోపల అతికిస్తే, గుర్తు ఉందిలే అని అది మధ్యలో అబద్ధం చెప్తుంది. మా పార్లర్ అన్న దాన్ని చిప్ కొట్టించడం అనేవాడు. తర్వాత యాభై రూపాయల డిస్క్ ఏదైనా ఆడుతుంది.

హియర్ కమ్స్ ది పెయిన్ 2003 అక్టోబర్‌లో వచ్చింది. చేసినవాళ్లు యూక్స్, జపాన్‌లో ఒసాకా పక్కన సకాయ్ అనే ఊరి కంపెనీ. అమ్మింది టీహెచ్‌క్యూ. జాన్ సీనా, బటిస్టా కూడా ఇందులో ఉన్నారు. అండర్‌టేకర్ బైకు మీద వచ్చే రోజులు. బ్రాక్ లెస్నర్, గోల్డ్‌బర్గ్, రాక్, స్టోన్ కోల్డ్ అందరూ ఒకే డిస్క్‌లో.

ఇరవై ఏళ్లు దాటింది, ఇప్పుడు ఆడినా నాకు తేడా కొట్టలేదు. ముఖ్యం వేగం. తర్వాత వచ్చిన కుస్తీ గేమ్‌లు టీవీలో కుస్తీ ఎట్ల కనపడుతుందో అట్ల కనపడాలని నిదానమయ్యాయి. ఇది మాత్రం బటన్ నొక్కితే పని జరగాలి అనే పాత జపాన్ పద్ధతిలోనే ఉంది. రెండోది, ఒంట్లో ఏ భాగానికి దెబ్బ తగిలిందో బొమ్మలో చూపిస్తుంది. కాలు మీదే కొడుతూ పోతే ప్రత్యర్థి కుంటుతాడు, అప్పుడు కాలు పట్టు వేస్తే లొంగిపోతాడు. ఒకసారి ఇది అర్థమైతే గేమ్ మొత్తం మారిపోతుంది. మా పార్లర్‌లో ఎల్1 ఫినిషర్ కోసమే బతికేవాళ్లని, కాళ్లు విరగ్గొట్టేవాళ్లని రెండు వర్గాలు ఉండేవి. ఫ్యాక్షన్ సినిమాల కాలం, ఆ మాత్రం ఉండాలి.

క్రియేట్ ఎ రెజ్లర్‌లో మనోళ్లు ఎవర్ని తయారుచేశారో చెప్పక్కర్లేదు. ఒక్కో మెమరీ కార్డులో ఒక్కో హీరో. చిరంజీవికీ బాలకృష్ణకీ ఎలిమినేషన్ ఛాంబర్ పెట్టి చూసిన ఊరు మాది. మనకు కావాల్సినవాడు గేమ్‌లో లేకపోతే మనమే చేసుకున్నాం. 2006లో గ్రేట్ ఖలీ టీవీలోకి వచ్చి అండర్‌టేకర్‌ని పడగొట్టాక, స్మాక్‌డౌన్ వర్సెస్ రా 2008లో మొదటిసారి మన దేశం మనిషిని ఎంచుకుని ఆడే వీలొచ్చింది. ఆడటానికి మాత్రం భలే మొద్దు. అయినా అందరూ వాణ్ణే అడిగేవాళ్లు. హియర్ కమ్స్ ది పెయిన్‌కి పదికి తొమ్మిది. ఆ ఒక్క మార్కు సీజన్ మోడ్‌లో కథ కొన్నాళ్లకు తిరిగి మొదటికే రావడానికి తీసేశా.

ఇప్పుడు అడ్వెంచర్. హనుమంతుడి దగ్గరికి పోయేముందు ఒక్క నిమిషం టీవీ గేమ్‌కి వెనక్కి వెళ్దాం. ఆకుల లంగోటా కట్టుకున్న లావు పిల్లోడు రాతి గొడ్డలి విసురుతూ పోయే గేమ్ గుర్తుందా? అది హడ్సన్ వాళ్ల అడ్వెంచర్ ఐలాండ్, 1986. నిజానికి అది కూడా కొత్త గేమ్ కాదు. అదే ఏడాది సెగా మెషీన్‌లో వచ్చిన వండర్ బాయ్‌కి రీమేక్. గేమ్ హక్కులు హడ్సన్ తీసుకుంది, హీరో పేరు, బొమ్మ మాత్రం వాడుకోలేదు. అందుకని హీరోని మార్చి, తమ కంపెనీలోనే పనిచేసే తకహాషి మెయ్‌జిన్ అనే ఆయన్ని పెట్టింది. సెకనుకు పదహారు సార్లు బటన్ నొక్కగలడని జపాన్‌లో ఆయనకు పేరు. తమిళ సినిమా హక్కులు కొని, మన హీరోతో తీసినట్టే. కాబట్టి కాపీ అన్నంత మాత్రాన నేను ముక్కు విరిచేవాణ్ణి కాదు. అడిగి, డబ్బులిచ్చి, పేరు వేసి చేసిన కాపీకి ఒక లెక్క. పేరు చెరిపేసి చేసినదానికి ఇంకో లెక్క.

రీమేక్ మాట వచ్చింది కాబట్టి, గజిని చూడండి. 2005లో తమిళంలో వచ్చింది, 2008లో హిందీలో. ఆ హిందీ గజినికి కంప్యూటర్ గేమ్ చేసింది ఎవరు? హైదరాబాద్ ఎఫ్‌ఎక్స్ ల్యాబ్స్. 2009లో పీఎస్2కి, పీఎస్‌పీకి దేశీ అడ్డా అని గాలిపటాలు, కబడ్డీ, గిల్లీదండా ఆటలతో ఒక డిస్క్ వచ్చింది. చేసింది హైదరాబాద్ గేమ్‌శాస్త్ర. మేం పార్లర్‌లో కాళ్లు విరగ్గొట్టుకుంటున్న రోజుల్లోనే, ఆరు వందల కిలోమీటర్ల లోపల మనోళ్లు కన్సోల్ గేమ్‌లు రాస్తున్నారు. నా చుట్టూ ఒక్కడికి తెలియదు.

హనుమాన్ బాయ్ వారియర్ చేసింది అరోనా టెక్నాలజీస్, హైదరాబాద్. ప్రచురించింది సోనీ యూరప్ విభాగం. బాల హనుమంతుడు పరిగెత్తాలి, దూకాలి, గదతో రాక్షసుల్ని కొట్టాలి. 2005లో హనుమాన్ కార్టూన్ సినిమా బాగా ఆడింది, పిల్లలకు ఆ రూపం అలవాటే. ఆలోచన సరైందే. ఆట మాత్రం బాగాలేదు. దూకుడు మీద నమ్మకం కుదరదు, కెమెరా మనకు కావాల్సిన వైపు చూడదు, కొట్టిన దెబ్బలో బరువు ఉండదు. అప్పటి రివ్యూలు కూడా కనికరించలేదు. పదికి మూడు.

మూడు ఇచ్చేసి నవ్వుకుని పోవచ్చు, చాలామంది చేసింది అదే. నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి వచ్చినవాణ్ణి, నాకు ఈ మూడు వెనక ఇంకోటి కనపడుతుంది. పీఎస్2 రాయడానికి మొండి మెషీన్. 32 ఎంబీ మెమరీ, ప్రధాన ప్రాసెసర్ పక్కన రెండు వెక్టర్ యూనిట్లు. వాటికి విడిగా కోడ్ రాసి, మూడింటినీ ఒకదానికొకటి అడ్డం రాకుండా నడపాలి. 2007లో గాడ్ ఆఫ్ వార్ 2 అదే మెషీన్ మీద అంత అద్భుతంగా వచ్చిందంటే, ఆ టీమ్ అంతకుముందే దాని మీద ఒక గేమ్ చేసి, దెబ్బలు తిని, సొంత ఇంజిన్ పోగేసుకుంది. మన దేశంలో పీఎస్2కి మొదలు నుంచి చివరి దాకా గేమ్ చేసినవాడు అంతకుముందు లేడు. అప్పటికి మన స్టూడియోలకు వచ్చే పని ఎక్కువగా విదేశీ గేమ్‌లకు బొమ్మలు గీయడం, టెస్టింగ్, ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి మార్చడం. ఎవరిదో ఇంటికి ఒక గోడ కట్టడం వేరు, పునాది నుంచి ఇల్లు కట్టడం వేరు. నా ఉద్యోగం మొత్తం ఆ ఒక్క గోడే. కాబట్టి నాకు వాళ్ల మీద నవ్వు రాదు. పైగా మొదటి సూపర్ మారియో వెనక నింటెండోకి ఎన్ని గేమ్‌ల అనుభవం ఉందో కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా.

ఇంకో గొడవ కూడా అయింది. అమెరికాలో ఉండే రాజన్ జెడ్ అనే హిందూ నాయకుడు ఈ గేమ్‌ని వెనక్కి తీసుకోమని సోనీని అడిగాడు. భక్తుడు దేవుడి చేతిలో ఉండాలి గానీ, దేవుణ్ణి బటన్లతో ఆడించడం ఏంటి అన్నది ఆయన వాదన. ఆ బాధ తప్పని నేను అనను. మా ఇంట్లో కూడా ఈ గేమ్ ఆన్ చేసేముందు చెప్పులు బయట వదలమన్నారు.

కానీ తిరుమల పోయినవాళ్లకు ఒక సంగతి తెలుసు. శ్రీవారి గుడి మహాద్వారానికి ఎదురుగా బేడి ఆంజనేయస్వామి గుడి ఉంది. చిన్నప్పుడు ఒక్కచోట నిలవకుండా పరిగెత్తే కొడుకును అమ్మ అంజనాదేవి చేతులకు బేడీలు వేసి నిలబెట్టిందని కథ. కొండ మీద జాపాలి ఉంది. 2021 శ్రీరామనవమి రోజు టీటీడీ అంజనాద్రే హనుమంతుడి జన్మస్థలమని ప్రకటించింది. కర్ణాటక వాళ్లు హంపి దగ్గరున్న కొండ అంటారు, ఆ పంచాయితీ మనకొద్దు. నేను అనేది ఏంటంటే, అల్లరి చేసే పిల్లోడుగా, అమ్మ చేతిలో దెబ్బలు తినే పిల్లోడుగా హనుమంతుణ్ణి చూడటం మనకు కొత్త కాదు, గుడికట్టి మరీ చూస్తున్నాం. గేమ్ ఓడిపోయింది భక్తి తక్కువై కాదు. ఆ అల్లరి బొటనవేలికి తగలకపోవడం వల్ల. బేడీలు తెంచుకునే పిల్లోడి వేగం అందులో లేదు. హియర్ కమ్స్ ది పెయిన్‌లో ఉన్న వేగం ఒక పావు వంతు ఉన్నా చాలు.

ఒకవేళ గేమ్ బాగుండి ఉంటే మన పార్లర్లలో ఆడేవాళ్లా? దీనికి జవాబు అంత తీపిగా ఉండదు. అసలు డిస్క్ ఐదు వందలకు అటూఇటుగా. పార్లర్ అన్నకు ఏ డిస్క్ అయినా యాభై. ఆయనకు ఆ డిస్క్ తెప్పించాల్సిన అవసరం ఏంటి? గాడ్ ఆఫ్ వార్ అదే యాభైకి దొరుకుతుంటే, మనోళ్ల గేమ్ ప్రపంచంలోని అతి గొప్ప గేమ్‌లతో అదే షెల్ఫ్ మీద, పదింతలు ధరతో పోటీ పడాలి. కాపీ మనకు ఆటలు నేర్పింది, నిజమే. మన దగ్గర గేమ్ చేసేవాడికి రెండో గేమ్ చేసే అవకాశం లేకుండా చేయడంలో కూడా దానికి వాటా ఉంది. రెండూ నిజమే, నాకు రెండింటిలో ఒకటి వదిలేయాలని లేదు.

ఇప్పుడు ఇంకో తిరకాసు. పీఎస్2 తయారీ 2013 మొదట్లో ఆగిపోయింది. హనుమాన్ బాయ్ వారియర్ కొత్త మెషీన్లలో ఏ స్టోర్‌లోనూ నాకు దొరకలేదు. డిస్క్‌లు గీతలు పడుతున్నాయి, మెషీన్ల లెన్సులు పోతున్నాయి. అసలు డిస్క్ సంపాదించడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. దాన్ని కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ మీద ఆడటానికి నేను మొదట చేసిన పని, డిస్క్‌ని కాపీ తీయడం. చివర్లో పేర్లు వస్తాయి చూడండి, వాటిలో మన పేర్లు, మన ఇంటిపేర్లు ఉన్నాయి. ఈ వీడియోలో వాటిని వేగంగా తిప్పకుండా పూర్తిగా పెట్టా. రెండు నిమిషాలు పడుతుంది, స్కిప్ చేయొద్దు.

చిత్తూరు, పుత్తూరు, మదనపల్లె, పలమనేరు, కుప్పం, శ్రీకాళహస్తి, ఎక్కడున్నా సరే, పండక్కి ఇంటికి పోయినప్పుడు ఒకసారి అటక చూడండి. టీవీ గేమ్ డబ్బా ఉంటే దాని అట్టపెట్టె కూడా పారేయకండి. నాకు డబ్బా కంటే పెట్టె మీద ఉన్న పేరు, దొరికితే అంగడి బిల్లు, ఎంతకు కొన్నారో మీ నాయనకు గుర్తుంటే ఆ అంకె కావాలి. మెనూ స్క్రీన్ ఫొటో తీస్తే ఇంకా మంచిది. ఒక జాగ్రత్త: ఇంట్లో ఏదో అడాప్టర్ దొరికింది కదా అని తగిలించకండి. డబ్బా వెనక ఎన్ని వోల్టులో, ప్లస్ మధ్యలోనా అంచులోనా రాసి ఉంటుంది, అది చూసి పెట్టండి. తిరగబడితే ఆ దిష్టిచుక్క కాలిపోతుంది, దాన్ని బాగుచేసేవాడు రిచీ స్ట్రీట్‌లో కూడా దొరకడు.